మా కప్పు, టీచరుగారి నేల

థర్మాకోల్ షీటును హ్యాక్సా బ్లేడుతో కోస్తుంటే వచ్చే కీచుమనే చప్పుడు వింటే చాలామందికి పళ్ళు జివ్వుమంటాయి. నాకు నవ్వొస్తుంది. మొన్న ఆదివారం పొద్దున ఖరగ్‌పూర్‌లో మేమిప్పుడుంటున్న తాల్‌బగీచాలో, మా పక్కింటి గేటు ముందు ఇద్దరు పనివాళ్ళు ఆ షీట్లు పరుచుకుని కోస్తున్నారు. గాలికి తెల్లటి పూసలు లేచివచ్చి మా దండెం మీది బట్టలకు అంటుకున్నాయి. పక్కింటాయన కొత్తగా కట్టుకున్న ఇంటికి బేస్‌మెంట్ ఉంది. దాన్ని అద్దెకివ్వాలని ఆయన ఆలోచన. పై చప్పుళ్ళు కిందకు వినబడకుండా ఆ గది కప్పుకు షీట్లు అంటించి, వాటి కింద బోర్డు కొట్టించాలా వద్దా అని తేల్చుకోలేక కనిపించినవాళ్ళందరినీ సలహా అడుగుతున్నాడు. నన్నూ అడిగాడు. నేను నవ్వేశాను. ఆయనకు అర్థం కాలేదు. ఆ కీచుమనే చప్పుడుకు నాకు ఎస్తేరు టీచరుగారు గుర్తొచ్చారు. ఆవిణ్ణి తలుచుకుని నవ్వకుండా ఉండడం నా వల్ల కాదు.

పెళ్ళయి ఖరగ్‌పూర్ వచ్చేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. మాది పలాస దగ్గర పల్లె. మా ఆయన రమణ వాళ్ళ తాత ఎప్పుడో ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చి స్థిరపడ్డాడు. అత్తమామలు తర్వాత సొంతూరికి వెళ్ళిపోయారు. రమణకు మాత్రం విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. మలంచా మెయిన్ రోడ్డు మీద టీచరుగారి ఇంట్లో కింది వాటా అద్దెకు తీసుకున్నాం. కట్టినప్పుడు అది మామూలు కింది అంతస్తేనట. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది పోసుకుంటూ పోవడంతో రోడ్డు పెరిగి ఇల్లు కిందికి దిగిపోయింది. మేం వచ్చేసరికి మెట్లు దిగి లోపలికి వెళ్ళాలి. కిటికీలోంచి చూస్తే మనుషుల మోకాళ్ళు, ఆటోల చక్రాలు కనిపించేవి. అందరూ దాన్ని బేస్‌మెంట్ అనేవారు. కప్పు ఎంత తక్కువ ఎత్తంటే, రమణ చొక్కా తొడుక్కునేటప్పుడు చేతులు ఫ్యానుకు తగులుతాయేమోనని గోడ పక్కకు జరిగేవాడు.

టీచరుగారు పైన ఒక్కరే ఉండేవారు. రైల్వే స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. భర్త రైలు గార్డుగా చేసేవారు, పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. వాళ్ళ పెద్దలు భీమిలి వైపు నుంచి వచ్చిన క్రైస్తవులు. పొడవాటి మనిషి, అందుకు తగ్గ ఒళ్ళు, వీధి మలుపు దాకా వినబడే గొంతు. కూరగాయలవాడితో బెంగాలీలో, పాలవాడితో ఒడియాలో, మాతో మా ఊరి మాటలో గట్టిగా మాట్లాడి, అంతకంటే గట్టిగా నవ్వేవారు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక చుట్టుపక్కల ఆడవాళ్ళను పోగుచేసి కోలాటం నేర్పడం మొదలుపెట్టారు. చర్చికి వెళ్ళేవాళ్ళు, గుడికి వెళ్ళేవాళ్ళు, తెలుగు బొత్తిగా రానివాళ్ళు కూడా వచ్చేవారు. దేవుడి పాట పెడితే ఏ దేవుడిదని పేచీ వస్తుందని ఆవిడే రైలు మీద ఒక పాట కట్టారు.

"బండి కదిలె బండి కదిలె బారు పట్టాల మీద,
గుండె కదిలె గుండె కదిలె గుమ్మం దాటి రావమ్మా."

'రావమ్మా' అన్నచోట అందరూ కలిసి ఒక్క గెంతు గెంతాలి. ఆ గెంతు సరిగ్గా మా మంచం మీద పడేది.

మొదట్లో నాకది వినోదంగానే ఉండేది. కొత్త ఊరు, భాష రాదు, రోజంతా మాట్లాడే మనిషి లేదు. మధ్యాహ్నం పైన పాట మొదలైతే ఒంటరితనం కాస్త తగ్గేది. రమణకు నైట్ షిఫ్టులు వచ్చాకే అసలు కష్టం తెలిసింది. పొద్దున ఇంటికొచ్చి, తిని, పడుకుని, నిద్ర బాగా పట్టే వేళకు పైన కర్రలు టకటకమని మొదలయ్యేవి. అతను తలగడ చెవులకు అదుముకుని అటూ ఇటూ దొర్లేవాడు. గెంతు పడ్డప్పుడల్లా కప్పు నుంచి సున్నం పొడి రాలేది. అతను పనిచేసేది ఇనప రేకులు నొక్కే ప్రెస్ మెషిన్ దగ్గర. ఒకసారి నిలబడే కునికిపాటు పడ్డాడట, పక్కనున్నతను జబ్బ పట్టి వెనక్కి లాగాడట. ఇంటికొచ్చి ఆ మాట నవ్వుతూనే చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. ఆ మధ్యాహ్నం పాట మొదలవగానే పైకి వెళ్ళాను.

హాలు నిండా ఆడవాళ్ళు. కొంగులు నడుముకు బిగించుకుని, చేతుల్లో కోలలతో, చెమటలు కారుతూ నవ్వుతున్నారు. నన్ను చూసి టీచరుగారు చెయ్యెత్తి అందరినీ ఆపారు.

"ఏటమ్మా, కోలాటానికొచ్చినావా?"

"కాదండి. మా ఆయన నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నారు..." అన్నాను.

ఆవిడ ముఖంలో నవ్వు ఆగింది. "నిద్దర పట్టటం నేదా? మరిన్నాళ్ళూ సెప్పనేదేటి?"

"ఎలా చెప్పాలో తెలీలేదండి."

"నోటితో సెప్పడమే. దానికో పద్ధతేటి?" అని, ఆడవాళ్ళ వైపు తిరిగారు. "నేను కిందికెళ్ళి కేకేస్తాను. అప్పుడు పాటంతా ఆడండి. గెంతు తగ్గించినారంటే ఊరుకోను."

నా వెనకే మెట్లు దిగి వచ్చేశారు. లుంగీ మీద ఉన్న రమణ గాభరాగా లేచి భుజాన తువ్వాలు వేసుకున్నాడు. ఆవిడ అతన్ని పక్కకు జరగమని, మా మంచం మీద వెల్లకిలా పడుకుని, కళ్ళద్దాలతోనే కళ్ళు మూసుకుని, "ఆఁ, కానియ్యండి!" అని అరిచారు. పైన పాట మొదలైంది. అడుగులు మంచం చుట్టూ తిరిగాయి. గెంతు పడింది. సున్నం పొడి ఆవిడ కళ్ళద్దాల మీద, ముక్కు మీద రాలింది. గట్టిగా ఒక తుమ్ము తుమ్మి లేచి కూర్చున్నారు.

"ఓలమ్మో! ఇది కోలాటం కాదురా నాయనా, గూడ్సు బండి! ఇన్ని దినాలూ మీ నెత్తి మీద గూడ్సు బండి తోలినానేటి!"

రమణ నవ్వాలో వద్దో తెలియక నా వైపు చూశాడు. నాకు నవ్వు ఆగలేదు. ఖరగ్‌పూర్ వచ్చాక నేను అంత గట్టిగా నవ్వడం అదే మొదలు.

ఆ చలికాలం ఊళ్ళో జరిగే మేళాలో స్టేజి మీద ఆడడానికి వాళ్ళ బృందానికి మొదటిసారి పిలుపు వచ్చి ఉంది. అయినా మా కప్పు సంగతి తేలేదాకా కోలాటం బందని ఆవిడ అందరికీ చెప్పేశారు. మర్నాడే నిమాయ్ దాదాను పిలిపించారు. ఇళ్ళలోపల బోర్డు పనులు చేసే బెంగాలీ మనిషి. ఆయన టేపు పెట్టి కొలిచి, కప్పు మీద చేత్తో తట్టి, గబగబా ఏదో చెప్పుకుపోయాడు. టీచరుగారు ఆగి ఆగి నాకు తెలుగులో చెప్పారు. షీట్లు, బోర్డు కొడితే కప్పు ఇంకో జానెడు కిందికి దిగుతుంది. పై ఫ్యాను తీసేసి గోడ ఫ్యాను పెట్టుకోవాలి. బాత్రూం పైపు దగ్గర చెమ్మ మరక ఉంది, అది బోర్డు వెనక్కి పోతుంది, రేపు నీళ్ళు కారినా కనబడదు. అలాగని చెయ్యకపోతే చప్పుడు ఇలాగే ఉంటుంది.

"మరి ఏటి సేద్దాం?" అని ఆవిడ నన్ను అడిగారు.

నేను అలవాటుగా రమణ వైపు చూశాను.

"ఆడ్ని కాదమ్మా, నిన్నడుగుతున్నాను. ఆడు నిద్దరోడానికొస్తాడు. పగలంతా దీని కింద ఉండేది నువ్వు. నాకిది నేల, నీకు కప్పు. నువ్వు సెప్పు."

ఆ మాట విన్నప్పుడు నాకు చెవులు వేడెక్కాయి. పుట్టినింట్లో ఏదైనా నాన్న తేల్చేవారు. అత్తవారింట్లో అత్తగారు తేల్చేవారు. చదువు ఎక్కడ ఆపాలో, పెళ్ళి చీర ఏ రంగో, ఏదీ నన్ను అడిగి జరగలేదు. అడగలేదని నేను బాధపడిందీ లేదు. అడుగుతారని తెలిస్తే కదా బాధ. గది మధ్యలో నిలబడి కప్పు వైపు చూశాను. నిమాయ్ దాదా టేపు చుట్టుకుంటూ ఓపిగ్గా చూస్తున్నాడు. టీచరుగారు ఒక్క మాట కూడా అందించలేదు. పరీక్షలో పిల్లకు జవాబు అందించని టీచరులా పెదవులు బిగించుకుని కూర్చున్నారు.

"మంచం ఉన్నవైపు సగమే వేసి చూద్దామండి. బాగుంటే మిగతాది వేద్దాం," అన్నాను చివరికి.

"శభాష్," అన్నారు. "నిమాయ్, ఆధా కొరో!" అని ఆయనతో సగమే చెయ్యమన్నారు.

రెండు రోజులు మా ఇంట్లో ఆ కీచుమనే చప్పుడే. అన్నంలో తెల్లటి పూసలు, జడలో తెల్లటి పూసలు. జిగురు వాసనకు కిటికీ తెరిస్తే ఆటోల పొగ. పని పూర్తయ్యాక మంచం మీద పడుకుంటే బోర్డు ముఖం మీదికి వచ్చినట్టుంది. నైట్ షిఫ్టు చేసొచ్చిన రమణ పడుకున్నాక పైన ఆడి చూశారు. నేను అవతలి సగంలో, పొయ్యి దగ్గర నిలబడి విన్నాను. అక్కడ పాట ఎప్పటిలాగే వినబడుతోంది. పాట అయిపోగానే రమణ లేచి కూర్చుని, దిగులుగా అన్నాడు:

"పద్మా, పాట పోయింది. దెబ్బలు మిగిలినాయి."

నిజమే. నేనూ మంచం మీద పడుకుని చూశాను. గొంతులు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టున్నాయి గాని, అడుగులు మాత్రం నేరుగా నెత్తి మీదే పడుతున్నాయి. ముందు పాట వినబడితే గెంతు ఎప్పుడొస్తుందో తెలిసేది. ఇప్పుడు ఏమీ తెలియకుండా ఉన్నట్టుండి ఉరిమినట్టు పడుతోంది. గుండె ఝల్లుమంటోంది. ఆవిడ అంత ఖర్చుపెట్టి చేయించాక ఈ మాట ఎలా చెప్పాలని చాలాసేపు ఆలోచించాను. నోటితో చెప్పడమే అనుకుని పైకి వెళ్ళాను.

"వద్దండి, తీయించేయండి. దీనివల్ల పని కాలేదు," అన్నాను.

ఆవిడ వచ్చి, పడుకుని, విని, బోర్డు వైపు వేలు చూపిస్తూ కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వారు. "పరీక్ష పెట్టినాం, ఫెయిలైంది. అంతే కదేటి! మరి ఇప్పుడో?"

ఈసారి నేను ఎవరి వైపూ చూడలేదు. "దెబ్బ పుట్టేది మీ నేల మీద. మెత్తగా ఏదైనా పరిస్తే అక్కడే పరవాలండి. ఆయనకు నైట్ షిఫ్టు ఉన్నప్పుడు సాయంత్రం నిద్ర లేచాక ఆడుకోండి. మెట్ల దగ్గర నేను ఎర్ర గుడ్డ కడతాను. లేచాక పచ్చగుడ్డ కడతాను."

"సిగ్నలు!" అని ఆవిడ అరిచిన అరుపుకు రోడ్డు మీద ఎవరో ఆగారు. "గార్డు పెళ్ళాన్ని, నాకు తట్టనేదు సూడు!"

ఆడవాళ్ళందరూ ఇళ్ళలోని పాత బొంతలు తెచ్చారు. మాలతీ దీదీ అనే బెంగాలీ ఆవిడ వాటిని నాలుగు పొరలుగా పేర్చి, కదలకుండా కుట్టి పరిచింది. గెంతు పూర్తిగా పోలేదు. ఎవరో దూరంగా వడ్లు దంచుతున్నట్టు మెత్తగా వినబడేది. రమణ దానికి అలవాటుపడ్డాడు. ఎర్ర గుడ్డ ఉన్నప్పుడు కోలాటం వాళ్ళు మెట్ల మీద చెప్పులు విప్పి, చేత్తో పట్టుకుని, ఒకరినొకరు ఉష్, ఉష్ అనుకుంటూ పైకి వెళ్ళి పచ్చగుడ్డ కోసం కాచుకునేవారు. ఆ ఉష్‌లకే ఒకోసారి రమణకు మెలకువ వచ్చేది. మా కప్పు నుంచి ఊడదీసిన థర్మాకోల్‌ను టీచరుగారు పారెయ్యనివ్వలేదు. ఆ ఏడు క్రిస్మస్‌కు వాళ్ళ చర్చిలో వేలాడిన నక్షత్రాలన్నీ మా కప్పు ముక్కలే.

మేళా దగ్గర పడుతుండగా బృందంలో అప్పలకొండమ్మ అనే ఆవిడ కూతురి పురిటికి శ్రీకాకుళం వెళ్ళిపోయింది. కోలాటంలో జతలు సరిగ్గా ఉండాలి. ఒకరు తగ్గితే ఇంకొకరు గాలిలోకి కోల కొట్టాలి. టీచరుగారు మెట్ల మీద నిలబడి కేకేశారు.

"పద్మా! ఊరికే నిలబడి జత కడుదువుగాని, రా. అడుగులు తర్వాత నేర్పుతాను."

సిగ్గుతో చచ్చిపోతూ వెళ్ళాను. మాలతీ దీదీ నా చేతిలో కోలలు పెట్టింది. పాట మొదలైంది. నేను నిలబడదామనే అనుకున్నాను. కానీ కాళ్ళు నిలబడలేదు. ఎడమ కాలు ముందు పడింది, తర్వాత కుడిది, తర్వాత మడమ తిప్పి వెనక్కి. ఎక్కడ వేగం పెరుగుతుందో, ఎక్కడ వలయం లోపలికి ముడుచుకుంటుందో నాకు ముందే తెలుస్తోంది. ఇన్ని నెలలు మంచం చుట్టూ, పొయ్యి చుట్టూ, గోడ వెంబడి ఆ అడుగులు నా తల మీద తిరిగాయి. 'రావమ్మా' దగ్గర అందరితోపాటు గెంతాను. దిగాక చూస్తే అందరూ ఆగి నన్నే చూస్తున్నారు.

"ఎక్కడ నేర్చినావమ్మా ఇది?" అన్నారు టీచరుగారు.

"కిందేనండి."

ఆవిడ నా భుజం పట్టుకుని దగ్గరకు లాక్కున్నారు. "కప్పు మూసేసుంటే ఈ పిల్ల దొరికేదేటే మనకి!" అన్నారు వాళ్ళతో. మాలతీ దీదీకి ఆ తెలుగు అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టింది. మేళాలో స్టేజి మీద ఆడినప్పుడు నాకు దీపాల వెలుగు తప్ప ఏమీ కనబడలేదు. దిగి వచ్చాక రమణ అన్నాడు, "ఇన్నాళ్ళూ కింద నుంచి విన్నానే గాని, పైన ఇంత బాగుంటాదనుకోలేదు" అని. ఆ తర్వాత నేను కోలాటం మానలేదు. ఆ ఆడవాళ్ళ దగ్గరే బెంగాలీ నేర్చుకున్నాను, హిందీ నేర్చుకున్నాను, ఆగిపోయిన డిగ్రీ పరీక్షలకు ఫీజు కట్టాను. కట్టనా వద్దా అని టీచరుగారిని అడిగితే, "అది నీ కప్పు, నువ్వే తేల్చుకో" అన్నారు.

కొన్నేళ్ళకు ఆవిడ మోకాళ్ళు మొరాయించాయి. మెట్లెక్కడం కష్టమై, మమ్మల్ని పైకి వెళ్ళమని తను కింది వాటాలోకి వచ్చేశారు. పైన కోలాటం నేను నడిపించేదాన్ని. ఆవిడ మంచం మీద పడుకుని వింటూ, మేం తాళం తప్పితే చీపురు తిరగేసి కర్రతో కప్పు మీద పొడిచేవారు. అప్పుడే మాకు పాప పుట్టింది. రాత్రీ పగలూ ఏడుపు. ఆవిడకు నిద్ర ఉండదని నాకు దిగులు. ఒకరోజు కిందికి వెళ్ళి, "నిమాయ్ దాదాను పిలుస్తానండి. ఈసారి మొత్తం కప్పుకీ వేయిద్దాం. గొంతులైతే ఆగుతాయి కదా," అన్నాను.

ఆవిడ కళ్ళద్దాల పైనుంచి చూశారు. "ఇప్పుడీ కప్పు ఎవరిది?"

"మీదేనండి."

"మరి నన్నడగాల, నువ్వు తేల్చడమేటి? వద్దు. ఈ వయసులో నాకు నిద్దరెందుకు? పసిపిల్ల ఏడుపు వినబడితే ఇల్లు నిండుగా ఉంటాది."

ఆ తీర్మానం అలాగే నిలిచింది. పాప పాకడం నేర్చింది, గోడ పట్టుకుని నిలబడడం నేర్చింది. ఒక మధ్యాహ్నం నేను వంటింట్లో వీధివైపు వీపు పెట్టి చేప ముక్కలు కడుగుతున్నాను. పాప ముందుగదిలో బొంతల అవతల, ఉత్త నేల మీద కూర్చుని ఆడుకుంటోంది. ఉన్నట్టుండి కింద నుంచి టీచరుగారి కేక వినబడింది. ఆ గొంతు వయసుతో బాగా తగ్గిపోయింది గాని, ఆ రోజు మాత్రం పాత గొంతే వచ్చింది.

"పద్మా! పిల్ల నడుస్తున్నాది! బేగి సూడు, నడుస్తున్నాది!"

చేపల చేతులతోనే తిరిగి చూశాను. పాప గోడ వదిలేసి, రెండు చేతులూ గాలిలోకి ఎత్తి, తడబడుతూ నా వైపే వస్తోంది. నేను అక్కడే కూర్చుని చేతులు చాచాను. వచ్చి నా మీద పడింది. కింద చీపురు కర్ర కప్పు మీద టకటకా, టకటకా మోగుతూనే ఉంది. మా అమ్మాయి మొదటి అడుగు నాకంటే ముందు ఆవిడకు తెలిసింది.

ఆ తర్వాతి ఏడాది టీచరుగారు పోయారు. చర్చి నుంచి సమాధి దాకా కోలాటం వాళ్ళం అందరం నడిచాం. మాలతీ దీదీ ఆ రైలు పాట ఎత్తుకుంటే, పాదిరిగారు ఒక్క క్షణం ఆగి, కానివ్వమన్నట్టు తల ఊపారు. ఏడుస్తూనే పాడాం. 'రావమ్మా' దగ్గర ఎవరం గెంతలేదు గాని, గెంతకుండా ఉండడానికి అందరం కష్టపడ్డామని ఒకరి ముఖాలు ఒకరం చూసుకుంటే తెలిసిపోయింది. అక్కడే నవ్వు కూడా వచ్చింది.

ఇప్పుడు మా అమ్మాయి మూడో తరగతి. మడమలు నేలకేసి కొడుతూ, ఇల్లంతా దడదడలాడిస్తూ నడుస్తుంది. మా అత్తగారు వచ్చినప్పుడల్లా, ఆడపిల్ల అడుగు చప్పుడు వినబడకూడదని దానికి బుద్ధులు చెబుతుంటారు. అది ఒకసారి నా వైపు చూస్తుంది. నేను నా పని నేను చేసుకుంటాను. దాన్ని నెమ్మదిగా నడవమని ఇంతవరకూ నేను ఒక్కసారి కూడా అనలేదు.